నాణేలను తోసే యంత్రాన్ని గెలవడానికి నిజంగా దారి ఉందా?

చిల్లరమూట
గొట్టంలో నాణెం వేస్తే, ముందుకూ వెనక్కూ ఆడే అర (పలక) మిగతా నాణేలను అంచు వైపు తోసే ఆట యంత్రమే కాయిన్ పుషర్, అంచు దాటి తట్టలో రాలినవి మనవి. దాని ముందు నిలబడిన ప్రతిసారీ నాకు ఒకే అనుమానం. అంచు మీద నాణేల గుత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇంకొక్కటి వేస్తే మొత్తం కూలుతుందని కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. వేస్తాను, కూలదు. మళ్ళీ వేస్తాను, కూలదు. చివరికి ఎక్కడో పక్కనుంచి రెండు నాణేలు జారిపోతాయి, అవి నా తట్టలోకి రావు. సమయం చూసి వేయాలని కొందరు, మధ్యలోనే వేయాలని కొందరు, అసలు యంత్రంలోనే మోసం ఉందని మరికొందరు అంటున్నారు. వీటిలో ఏది నిజం? అదృష్టం, గ్రహబలం లాంటి సమాధానాలు వద్దు. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజుపెట్టె
సమయమే అసలు కిటుకు. పై అర ముందుకు పూర్తిగా వచ్చినప్పుడు వెనక గోడకూ నాణేలకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. మీ నాణెం సరిగ్గా ఆ ఖాళీలో బల్లపరుపుగా పడాలి. అర వెనక్కు పోయేటప్పుడు గోడ దాన్ని అడ్డుకుంటుంది, అది ముందున్నవాటిని నెడుతుంది. తొందరపడి వేస్తే నాణెం మిగతావాటి నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. ఎక్కి కూర్చున్న నాణెం దేన్నీ నెట్టదు.

మూడోవరుస
అదంతా పైకి కనిపించే తంతు. అంచు కింద అయస్కాంతం పెడతారు. లేకపోతే అంతేసి గుత్తులు గాలిలో ఎలా నిలుస్తాయి?

పానా_స్క్రూ
ఇలాంటి యంత్రాలను బాగుచేయడమే నా పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అరలు రెండు. పైది ముందుకూ వెనక్కూ ఆడుతుంది, కిందిది కదలదు. పై అర వెనక్కు పోయినప్పుడు వెనక గోడ నాణేలను ఆపుతుంది కాబట్టి, చోటు చాలనివి పై అర అంచు దాటి కింది అర మీద పడతాయి. పై అర మళ్ళీ ముందుకు వచ్చినప్పుడు దాని ముందు అంచు కింది అరలోని నాణేలను తోస్తుంది. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర ఒకరు ఎక్కితే ముందు తలుపు దగ్గర ఒకరు దిగక తప్పనట్టే, కింద చోటు లేకపోతే ముందువైపు ఒకటి రాలాలి. ఇంతే యంత్రం. మోటారు ఒకటి, దానికి ఇరుసు, రెండు పలకలు.

యజమానికి లాభం ఎక్కడ? కింది అరకు కుడి ఎడమల చివర్లు చూడండి. అక్కడ సందులు ఉంటాయి. వాటిలో పడినవి మీ తట్టలోకి కాకుండా లోపలి పెట్టెలోకి పోతాయి. సందు ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నదాన్ని బట్టి యంత్రం ఎంత మిగుల్చుకుంటుందో తేలుతుంది. కొన్నిటిలో ఆ సందులను తగ్గించే, పెంచే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇంత తేలికైన మార్గం చేతిలో ఉండగా అయస్కాంతంతో యజమానికి పనేమిటి?

ఇంకొకటి, యంత్రం కాళ్ళకు మరలు ఉంటాయి. వెనక్కు కాస్త వాలేట్టు తిప్పితే నాణేలు ముందుకు రావడానికి బద్ధకిస్తాయి. చాలా యంత్రాల్లో ముందు అంచు కూడా కాస్త ఎత్తుగా ఉంటుంది.

మూడోవరుస
మరి అంచు ఎత్తుగా పెట్టడం మోసం కాదా?

పానా_స్క్రూ
కాదు, అది కంటికి కనిపిస్తూనే ఉంది. గాజు పక్కనుంచి వంగి చూస్తే సందులు, అంచు అన్నీ తెలుస్తాయి. చూడకుండా ఆడమని ఎవరూ బలవంతపెట్టడం లేదు.

రాపిడి_బలం
మూడోవరుస గారూ, గుత్తులు గాలిలో నిలవడానికి అయస్కాంతం అక్కర్లేదు. ఒంటరి నాణెం అంచు బయటికి సగం వరకే రాగలదు, దాటితే పడిపోతుంది. ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరుపుతూ పేరిస్తే లెక్క మారుతుంది. పై నాణెం తన కింది దానిపై 1/2 వ్యాసం, రెండోది 1/4, మూడోది 1/6, నాలుగోది 1/8 బయటికి రావచ్చు. కూడండి, 25/24. అంటే నాలుగే నాణేలతో అన్నిటికన్నా పైనున్నది పూర్తిగా అంచు దాటి గాలిలో ఉండగలదు, అయినా పడదు. ఇక వాటి వెనక భాగాల మీద వేరే నాణేల బరువు కూడా ఉంటే ఇంకా బయటికి వస్తాయి. మనకు కనిపించేది వేలాడే ముందు భాగం. దాన్ని పట్టుకుని ఉన్న వెనక బరువు కనిపించదు. చిల్లరమూట గారి కళ్ళు చెప్పిన “ఇంకొక్కటి” అందుకే తప్పుతోంది.

అయితే కొన్ని నాణేలు అయస్కాంతానికి అంటుకునే మాట నిజమే. బ్రిటన్‌లో ఈ యంత్రాల్లో ఎక్కువగా వాడే 2 పెన్నీల నాణెం 1992 నుంచి రాగి పూత వేసిన ఉక్కుతో వస్తోంది. అంతకుముందువి కంచువి, అవి అంటుకోవు. రెండూ ఒకే అరలో కలిసి తిరుగుతుంటే అయస్కాంతంతో ఆడించడం ఏ యజమానికీ సాఫీగా సాగదు.

చిల్లరమూట
25/24 లెక్క చదివి మేజా మీద నాణేలు పేర్చి చూశాను. నిజంగానే నిలిచాయి! ఇంట్లోవాళ్ళు వింతగా చూశారు.

లెక్కలపిచ్చి
పానా_స్క్రూ గారు చెప్పినదాన్ని లెక్కలోకి తెస్తాను. నాణేనికి బయటికి దారులు రెండే, ముందు అంచు లేదా పక్క సందు. అర ఎప్పటికీ నిండుతూనే ఉండలేదు. కాబట్టి చాలాసేపు ఆడితే లోపలికి పోయినన్ని నాణేలూ ఏదో ఒక దారిన బయటపడాలి. ఊహకు ఒక యంత్రంలో ప్రతి 5 నాణేల్లో 1 పక్కకు పోతుందనుకుందాం. మీరు 100తో మొదలుపెట్టి, వచ్చినవన్నీ మళ్ళీ వేస్తూ పోతే 80, తర్వాత 64, తర్వాత 51 చొప్పున తగ్గుతాయి. అన్నీ కలిపి దాదాపు 500 సార్లు వేస్తారు, ఆ తర్వాత చేయి ఖాళీ. 10లో 1 మాత్రమే పక్కకు పోయే యంత్రమైతే 1,000 సార్లు. ఏ కిటుకుతో ఆడినా పక్క సందు ఉన్నంతకాలం వేసినదానికన్నా ఎక్కువ రాదు. యంత్రాన్ని గెలవడం అనేదే లేదు.

గాజుపెట్టె
ఒప్పుకోను. నా కళ్ళముందే పక్కనున్న ఆయన పిడికిలి నిండా వేసి ఒక్కటీ రాబట్టలేదు. అదే యంత్రం మీద ఆయన వెళ్ళాక నేను ఓపికగా ఒక్కొక్కటే వేసి వేసినవాటికన్నా ఎక్కువ తెచ్చుకున్నాను. మీ లెక్క ప్రకారం ఇది జరగకూడదు.

లెక్కలపిచ్చి
జరగవచ్చు. నేను చెప్పినది చాలాసేపు ఆడినప్పటి సంగతి. ఆయన వేసినవన్నీ ఎక్కడికి పోయాయి? అర మీదే ఉన్నాయి, ఒకదానిపై ఒకటి ఎక్కి. మీరు వాటిని కిందికి నెట్టుకున్నారు. మీరు గెలిచింది యంత్రం మీద కాదు, ఆయన మీద.

రెండోఅరుగు
ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే.

గాజుపెట్టె
సరే, అలా అయితే సమయం పాటించడం వృథా కాదని మీరే ఒప్పుకున్నట్టు! చక్కగా పడిన నాణెం ఇప్పుడే నెడుతుంది, నెత్తికెక్కినది ఎప్పుడో నెడుతుంది. నేను ఇప్పుడు ఆడి వెళ్ళిపోయేవాణ్ణి. నాకు కావలసింది ఇప్పుడే.

లెక్కలపిచ్చి
అవును, అంతవరకు మీరు చెప్పినది పూర్తిగా సరైనదే. సమయం పాటించేవారు తమ నాణేలను తరువాతివారికి వదిలిపెట్టరు, ముందువారు వదిలినవి తీసుకుంటారు. కానీ దానికి హద్దు ఉంది. అర మీద పోగుపడినది అయిపోగానే మీరూ అందరిలాంటివారే.

చిల్లరమూట
అంటే ప్రశ్న “ఎలా వేయాలి” అన్నది కాదు, “ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు మానాలి” అన్నది. మరి నిండిన యంత్రాన్ని ఎలా గుర్తుపట్టాలి? అంచు మీద వేలాడేవాటిని నమ్మకూడదని తేలిపోయింది కదా.

పానా_స్క్రూ
అంచును కాదు, అర మీద పరుచుకున్న నాణేల పరుపు మొత్తాన్ని చూడండి. మీరు ఏమీ వేయకుండా పక్కన నిలబడి, ఇంకెవరో ఆడుతుండగా పై అర కదలికలను కాసేపు గమనించండి. పై అర ముందుకు వచ్చిన ప్రతిసారీ కింది అరలో ముందు వరుస నాణేలు కూడా వెంట్రుకవాసి కదులుతున్నాయా? కదిలితే పరుపు బిగువుగా ఉంది, వెనక పెట్టిన తోపు ముందుదాకా చేరుతోంది. వెనక నాణేలు మాత్రమే జరిగి ముందువి స్తంభాల్లా ఉంటే మధ్యలో ఖాళీలు ఉన్నాయి. మీరు వేసేవి ముందుగా ఆ ఖాళీలను పూడ్చడానికే సరిపోతాయి. ఆ ఖర్చు మీది, ఫలితం మీ తరువాతివారిది.

రెండో సంగతి. పై అర మీద నాణేలు ఒకే పొరగా ఉంటే మంచిది. రెండు మూడు పొరలుగా ఎక్కి ఉంటే, మీ నాణెం ఎంత చక్కగా పడినా ముందున్న కుప్ప పైకి లేస్తుంది తప్ప ముందుకు జరగదు.

మూడోది. అప్పుడే పెద్ద పోగు కూలిన యంత్రం దగ్గరికి వెళ్ళకండి. గలగలమని శబ్దం వినగానే జనం అటే పరుగెడతారు, యంత్రం ఊపు మీద ఉందనుకుని. నిజానికి అది ఖాళీ అయింది.

అంచుమీద
మూడోదానికి వెయ్యి దండాలు. ఆ శబ్దం వెంట పరుగెత్తే గుంపులో ఎప్పుడూ మొదట ఉండేది మా బావగారు.

వెన్నెలదారి
ఏ గొట్టంలో వేయాలన్నది ఎవరూ చెప్పలేదు. పక్కనున్న గొట్టాల్లో వేస్తే నాణెం పక్క సందుకు దగ్గరవుతుంది కదా?

పానా_స్క్రూ
అవుతుంది. అందుకే మధ్య గొట్టమే మేలు. కానీ మేకులు తాపడం చేసిన పలక మీదుగా నాణెం దొర్లి వచ్చే యంత్రాల్లో మీరు ఎక్కడ వేసినా అది ఎటైనా పోవచ్చు. అక్కడ గాజుపెట్టె గారి సమయపాలన కూడా సగమే పనిచేస్తుంది, ఎందుకంటే మేకులకు తగులుతూ దిగడానికి ఒక్కోసారి ఒక్కోలా ఆలస్యమవుతుంది. నున్నని గొట్టం ఉన్న యంత్రంలోనే సమయానికి విలువ.

ఉరుకులపరుగులు
ఇంత తర్కం ఎందుకు? నలుగురు కలిసి తుంటితో ఒక్క పోటు పొడిస్తే వేలాడేవన్నీ రాలతాయి.

పానా_స్క్రూ
దయచేసి అది చేయకండి. కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది, అలారం మోగుతుంది. కొన్నిటిలో అలారంతో పాటు చెల్లింపు కూడా ఆగిపోతుంది, రాలినవి మీకు రావు. దానికన్నా ముఖ్యం, ఆ పెట్టె నిండా గాజు, లోపల నాణేల బరువు. 2 పెన్నీల నాణెం ఒక్కటి 7.12 గ్రాములు. అలాంటివి వెయ్యి ఉంటే ఏడు కిలోలు దాటుతుంది. ఒరిగితే పిల్లల మీద పడుతుంది. ఆ పని చేసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండోఅరుగు
పైగా అది దొంగతనం. ఆటలో గెలవడం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఉరుకులపరుగులు
సరే, మాట వెనక్కు తీసుకున్నాను. పిల్లల సంగతి నాకు తట్టలేదు.

పచ్చబొమ్మ
నాణేల మీద గడియారాలు, తాళపుగుత్తులు, మడిచిన నోట్లు పెట్టి ఉంటాయి కదా. వాటి కోసం ఆడితే లాభం ఉంటుందా? నాకు నాణేలకన్నా అవే ఆశ పుట్టిస్తాయి.

పానా_స్క్రూ
ఆశ పుట్టించడానికే పెడతారు. గడియారం అనేక నాణేల మీద పరుచుకుని ఉంటుంది, కింది నాణేలు జారినా అది ఉన్నచోటే ఉండిపోవచ్చు. అది పడే సమయానికి దాని కింద ఎన్ని నాణేలు వెళ్ళాలో చూసుకోండి. ఆ నాణేల ఖర్చు లెక్కవేస్తే బయట కొనుక్కోవడమే చౌక అని చాలాసార్లు తేలుతుంది.

లెక్కలపిచ్చి
టికెట్లు ఇచ్చే యంత్రాలైతే ఇంకో మెట్టు కలుస్తుంది. నాణేనికి ఎన్ని టికెట్లు, టికెట్లకు ఏ బహుమతి అన్నవి రెండూ యజమాని నిర్ణయాలే. బొమ్మల కార్డులు పూర్తి వరుస సేకరిస్తే పెద్ద బహుమతి అనే యంత్రాల్లో, వరుసలో ఒక కార్డు మిగతావాటికన్నా అరుదుగా ఉంటుంది. మిగతావన్నీ చేతికి వచ్చేశాయని సంబరపడకండి. విలువంతా ఆ ఒక్కదానిదే.

వెన్నెలదారి
వీడియోల్లో మాత్రం గుట్టలు గుట్టలుగా గెలుస్తుంటారు. నోట్ల కట్టలు, బంగారు బిస్కెట్లు కూడా రాలతాయి.

రాపిడి_బలం
చూసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఆ యంత్రం ఎవరిది? యంత్రం తనదే అయితే లోపల పెట్టినదీ తనదే, రాలినదీ తనదే. చేతులు మారినదేమీ లేదు. ఫోన్ యాప్‌లలో ఉండేది ఇంకా వేరు, అక్కడ రాపిడీ లేదు, బరువూ లేదు. ఏ నాణెం పడాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఈ చర్చలో చెప్పిన ఒక్క మాట కూడా వాటికి వర్తించదు.

అంచుమీద
బ్రిటన్‌లో ఐటీవీ అనే టీవీ ఛానెల్‌లో 2012 నుంచి టిప్పింగ్ పాయింట్ అనే క్విజ్ వస్తోంది. గదంత కాయిన్ పుషర్, నాలుగు చోట్లనుంచి ఒకటి ఎంచుకుని వేయాలి. సరైన సమాధానం చెబితేనే వేసే అవకాశం. గాజుపెట్టె గారు చెప్పినదంతా అందులో పెద్ద ఆకారంలో కనిపిస్తుంది. సమయం తప్పిన బిళ్ళ మిగతావాటి పైకి ఎక్కడం, ఆడేవాళ్ళ మొహం వాడిపోవడం, అన్నీ.

గాజుపెట్టె
అవునవును, ఆ కార్యక్రమం చూసే నేను గమనించడం నేర్చుకున్నాను.

తూర్పుకిటికీ
ఒక మాట అడగాలని ఉంది, నవ్వకండి. మా తమ్ముడు ఈ యంత్రాల దగ్గర గంటలకొద్దీ నిలబడిపోతాడు. “అక్కా, ఇప్పుడు వదిలేస్తే నేను నెట్టినదంతా వేరేవాళ్ళు తీసుకుపోతారు” అంటాడు. లెక్కలపిచ్చి గారు రాసినది చదివితే వాడి మాట నిజమే అనిపిస్తోంది. మరి వాణ్ణి ఎలా ఆపాలి?

లెక్కలపిచ్చి
నవ్వడానికి ఏమీ లేదు, చాలా మంచి ప్రశ్న. తరువాతివారు తీసుకుంటారన్నది నిజం. కానీ వేసిన క్షణంలోనే ఆ నాణెం అతనిది కాకుండా పోయింది. అర మీద ఉన్నదంతా, అతను వేసినదైనా ఇంకొకరు వేసినదైనా, ఇప్పుడు ఒకే కుప్ప. అతను అడుక్కోవలసిన ప్రశ్న ఒక్కటే, ఈ క్షణంలో ఈ యంత్రాన్ని మొదటిసారి చూస్తున్న కొత్తవాడు ఇక్కడ ఆడతాడా? ఆడడు అనిపిస్తే, ఎంతసేపు నిలబడినా అతనూ ఆడకూడదు.

రెండోఅరుగు
తూర్పుకిటికీ గారూ, మీ తమ్ముడికి అంకెలు చెప్పినంత మాత్రాన సరిపోకపోవచ్చు. మా ఇంట్లోనూ ఒకరిని చూశాను. ఆడే మనిషికి “కొంచెంలో తప్పింది” అనిపించడమే గెలుపంత ఉత్సాహాన్నిస్తుంది, ఈ యంత్రంలో ప్రతి కదలికా కొంచెంలో తప్పినట్టే కనిపిస్తుంది. వెళ్ళేముందే కొంత చిల్లర విడిగా ఇచ్చి, పర్సు మీ దగ్గర ఉంచుకోండి. రాలినవి మళ్ళీ వేయకుండా వేరే సంచిలో వేయమనండి. డబ్బు దాచడం, అబద్ధాలాడడం మొదలైతే మాత్రం జూదపు అలవాటుకు సహాయం చేసే వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, ఆలస్యం చేయకండి.

తూర్పుకిటికీ
అంతదూరం రాలేదు. రెండో సంచి ఆలోచన బాగుంది, ఈసారి అదే చేయిస్తాను.

మూడోవరుస
జూదమే అయితే పిల్లలను ఎలా ఆడనిస్తున్నారు?

రాపిడి_బలం
దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2005 జూద చట్టం దీన్ని జూదపు యంత్రంగానే చూస్తుంది, కానీ అన్నిటికన్నా చిన్నదైన డి వర్గంలో పెట్టి పిల్లలకూ అనుమతిచ్చింది. ఒకసారికి పందెం 20 పెన్నీలు మించకూడదు, బహుమతి 20 పౌండ్లు మించకూడదు, అందులో నగదు 10 పౌండ్లు దాటకూడదు. జపాన్‌లో దారి వేరు. అక్కడి పెద్ద పెద్ద పుషర్లు లోహపు బిళ్ళలతో నడుస్తాయి. వాటిని డబ్బుగా గానీ బహుమతిగా గానీ మార్చుకోవడం కుదరదు, మళ్ళీ ఆడుకోవడానికే.

వెన్నెలదారి
జపాన్ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ గెలవడమంటే ఎక్కువసేపు ఆడడమే అన్నమాట. లెక్కలపిచ్చి గారి 500, 1,000 లెక్క అక్కడ సరిగ్గా పనికొస్తుంది.

లెక్కలపిచ్చి
నిజానికి ఎక్కడైనా ఆ లెక్కతోనే యంత్రాన్ని ఎంచుకోవాలి. సన్నని సందులున్నది ఎంచుకుంటే అదే డబ్బుకు రెట్టింపు సేపు ఆట.

చిల్లరమూట
నాకు కావలసినది దొరికింది. ముందు పక్క సందులు చూస్తాను, ముందు వరుస కదులుతుందో లేదో చూస్తాను, మధ్య నున్నని గొట్టంలో అర ముందుకు వచ్చినప్పుడు ఒక్కొక్కటే వేస్తాను, పెద్ద పోగు కూలగానే వచ్చేస్తాను. ఒక్కటి మిగిలింది. నాణెం గొట్టంలో దిగడానికి కొంత సమయం పడుతుంది కదా, అర పూర్తిగా ముందుకు వచ్చాక వదిలితే ఆలస్యమైపోదా?

గాజుపెట్టె
అవుతుంది. మొదటి రెండు మూడు నాణేలను దానికే కేటాయించండి. చేయి వదిలినప్పటినుంచి అర మీద పడేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. అంత ముందుగా వదలాలి. అర వేగం యంత్రం యంత్రానికీ వేరు కాబట్టి చోటు మారినప్పుడల్లా మళ్ళీ లెక్కపెట్టాలి.

పానా_స్క్రూ
పడిన నాణెం దొర్లకుండా పక్కకు వాలి ఆగేదాకా పట్టే సమయం కూడా అందులో కలపండి. నిలువుగా నిలబడి దొర్లే నాణేన్ని గోడ సరిగ్గా నెట్టలేదు.